ఆగని రైలు, అందుకునే వల

సింగిల్ లైను రోజుల్లో చిన్న స్టేషన్ పక్కన పెరిగినవాళ్ళకు ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. మెయిలు మా స్టేషన్‌లో ఆగేది కాదు. అది వచ్చే వేళకు పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి, పేముతో చేసిన పెద్ద రింగును చెయ్యెత్తి పట్టుకునేవాడు. రింగుకు ఒక తోలు సంచి, సంచిలో ఇనుప బంతి. ముందున్న లైను మీద వెళ్ళడానికి ఆ బంతే అనుమతి. దాన్నే టోకెన్ అనేవారు. ఇంజనులోంచి ఫైర్‌మన్ వంగి, రింగులోకి మోచెయ్యి దూర్చి లాక్కునేవాడు. వెనక స్టేషన్‌లో తీసుకున్న రింగును మన ప్లాట్‌ఫారం మీద పడేసేవాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయేది. ఇనుప బంతిని ఇలా ఇవ్వగలిగినప్పుడు ఉత్తరాల సంచిని మాత్రం ఎందుకివ్వలేరు, దాని కోసం రైలును ఎందుకు ఆపాలి అని ఆ రోజుల్లో అనిపించేది.

బ్రిటన్‌లో ఆ పని నూట ముప్పై ఏళ్ళకు పైగా చేశారని పెద్దయ్యాక తెలిసింది. అక్కడ సంచిని చేత్తో అందించేవారు కాదు. పట్టాల పక్కన ఒక స్తంభం, ఒక వల ఉండేవి. రైలు పెట్టె గోడకు మరో వల, రెండు మూడు ఇనుప చేతులు ఉండేవి. రైలు పూర్తి వేగంతో దూసుకుపోతూనే ఒక ఊరి ఉత్తరాలను దించి, ఆ ఊరి ఉత్తరాలను ఎక్కించుకునేది. ఆ పద్ధతి 1971లో ఆగిపోయింది. దాన్ని మళ్ళీ పట్టాల పక్కన నిలబెట్టి, నిజమైన రైలుతో, నిజమైన సంచితో ఆడించి చూపేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఈ యంత్రం ఎలా పుట్టింది, ఎలా పనిచేసింది, దాన్ని తిరిగి నిలబెట్టడం ఎందుకంత కష్టం అన్నది తెలుసుకున్నకొద్దీ నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది.

లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే 1830 సెప్టెంబరులో మొదలైంది. రెండు నెలలు తిరక్కముందే, నవంబరులో, తపాలా సంచులు రైలెక్కాయి. గుర్రపు బండి మీద గంటల తరబడి సాగే ప్రయాణం ఒక్కసారిగా కుదించుకుపోయింది. దాంతో కొత్త చిక్కొకటి వచ్చిపడింది. గుర్రపు బండి ప్రతి ఊళ్ళోనూ ఎలాగూ ఆగేది, సంచి దించేది, ఎక్కించుకునేది. రైలు అలా ప్రతి ఊళ్ళోనూ ఆగితే దాని వేగానికి అర్థమే లేదు. ఆగకపోతే మధ్యలో ఉన్న ఊళ్ళకు ఉత్తరం అందదు.

ఈ చిక్కులో సగాన్ని విప్పినవాడు తపాలా శాఖలో సర్వేయరుగా ఉన్న ఫ్రెడరిక్ కార్‌స్టాట్. ఉత్తరాలు వేరుచేసే పని రైలు నడుస్తుండగానే చేసుకుంటే గమ్యం చేరాక మళ్ళీ గంటలు గంటలు కూర్చోనక్కర్లేదు కదా అని అతను సూచించాడు. 1838 జనవరిలో గ్రాండ్ జంక్షన్ రైల్వే మీద గుర్రాలను తరలించే ఒక పెట్టెను మార్చి, లోపల అరలు బిగించి, నడిచే పోస్టాఫీసు చేశారు. అందులో ఉత్తరాలు వేరుచేసిన మొదటి గుమాస్తాల్లో ఒకడు కార్‌స్టాట్ కొడుకే. ట్రావెలింగ్ పోస్టాఫీస్ అన్న మాట అక్కడి నుంచి వచ్చింది.

మిగిలిన సగం చిక్కు సంచి మార్పిడి. దానికి పేటెంటు పుచ్చుకున్నవాడు నథానియల్ వర్స్‌డెల్. బళ్ళు కట్టే కుటుంబంలో పుట్టినవాడు. స్టీఫెన్‌సన్‌ల 'రాకెట్' ఇంజను వెనక నీళ్ళూ ఇంధనమూ మోసే టెండరు ఆ కుటుంబం చేతుల మీదుగానే తయారైంది. 1838 జనవరిలోనే అతని పేటెంటు నమోదైంది. తపాలా శాఖ 500 పౌన్లు ఇస్తానంది. అతను అడిగింది అంతకన్నా ఎక్కువ. బేరం కుదరలేదు. శాఖ తన దగ్గరే పనిచేసే జాన్ రామ్‌సే తయారుచేసిన వేరే నమూనాను తీసుకుని, లండన్–బర్మింగ్‌హామ్ లైను మీద బాక్స్‌మూర్ దగ్గర అదే ఏడాది పరీక్షించింది. వర్స్‌డెల్ చేతికి చివరికి చిల్లిగవ్వ రాలేదు. అతని కొడుకుల్లో ఇద్దరు తర్వాత నార్త్ ఈస్టర్న్ రైల్వేలో ఇంజన్ల విభాగానికి ఒకరి తర్వాత ఒకరు అధిపతులయ్యారు. ఒక శాఖ తన అవసరాన్ని మొదట కనిపెట్టిన పనివాడికి ముఖం చాటేసిందన్నదే ఈ మొత్తం కథలో నాకు మింగుడుపడని సంగతి.

1840లో దేశమంతటా ఒకే రేటు, ఒక పెన్నీ, అన్న పద్ధతి వచ్చింది. ముందటి ఏడాది సుమారు 7.6 కోట్లున్న ఉత్తరాలు ఒక్క ఏడాదిలో 16.9 కోట్లకు పెరిగాయి. సంచులు బరువెక్కాయి, రైళ్ళు వేగమందుకున్నాయి. పాత అమరిక వాటికి చాలలేదు. మెయిల్ కోచ్‌ల తనిఖీ అధికారిగా పనిచేసిన జాన్ డిక్కర్ 1848లో దాన్ని తిరగరాశాడు. చిన్నాచితకా మార్పులు తర్వాత చాలా జరిగినా, ఆఖరి రోజు దాకా పట్టాల పక్కన నిలబడింది డిక్కర్ పద్ధతే.

ఆ పద్ధతి ఇలా పనిచేసేది. ఊరి తపాలా మనిషి రైలుకు ముందే పట్టాల దగ్గరికి చేరతాడు. ఉత్తరాల గుడ్డసంచులను దళసరి తోలు తొడుగులో పెట్టి, పట్టీలతో గట్టిగా బిగిస్తాడు. నిచ్చెన మెట్లెక్కి స్తంభం చేతికి దాన్ని వేలాడదీసి, ఆ చేతిని పట్టాల వైపు తిప్పుతాడు. తర్వాత నేల మీది వలను తెరుస్తాడు. ఆ వల చట్రం నోటి దగ్గర మోకు తాడు ఒకటి ఆంగ్ల 'వి' అక్షరంలా సాగి ఉంటుంది. ఇక పక్కకు తప్పుకుంటాడు. ఎంత దూరమైతే అంత మంచిది.

రైల్లో గుమాస్తా పని ఇంకా గడ్డుది. బయట దించాల్సిన సంచిని తలుపు పక్కనున్న ఇనుప చేతికి తగిలించి, కీలు మీద బయటికి వాలుస్తాడు. మీట లాగి పెట్టె పక్కనున్న వలను విప్పుతాడు. వల బయట ఉన్నంతసేపూ లోపల గంట మోగుతూ ఉంటుంది, మరిచిపోయి వదిలేస్తే వంతెన గోడకో సిగ్నల్ స్తంభానికో తగిలి ముక్కలవుతుంది కాబట్టి. మరుక్షణం రైలు వల తాడు స్తంభానికున్న సంచి పట్టీని పట్టేస్తుంది, నేల వల తాడు రైలు చేతికున్న సంచిని తెంపుకుంటుంది. బరువు తొలగగానే స్ప్రింగు చేతులు వాటంతటవే వెనక్కి మడుచుకుంటాయి. దభేల్‌మన్న చప్పుడుతో తోలుసంచి పెట్టెలోకి వచ్చి పడుతుంది. ఆ సమయంలో తలుపు దగ్గర ఎవరూ నిలబడకూడదన్నది మొదటి నియమం.

ఆ చప్పుడు ఎంత పెద్దదో లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 60 మైళ్ళు, అంటే దాదాపు 97 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో రైలు సెకనుకు 88 అడుగులు పోతుంది. కదలకుండా వేలాడుతున్న సంచి రెప్పపాటులో ఆ వేగం అందుకోవాలి. అది సంచిని సుమారు 37 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పన్నెండు అంతస్తుల మేడ మీంచి, నేలకు పడేసినంత దెబ్బ. తోలు అంత మందంగా ఎందుకుండాలో, పట్టీలు అన్నెందుకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. లోపలున్నవి కాగితాలు. వాటిలో ఎవరి పెళ్ళి కబురో, ఎవరి చావు కబురో.

ఇది రాత్రి పని. చీకట్లో సంచి ఎప్పుడు దించాలో గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? వల ముందే విప్పితే దారిలో ఏదో ఒకదానికి తగులుతుంది. ఒక్క సెకను ఆలస్యమైతే 88 అడుగులు దాటిపోతుంది. కాబట్టి వాళ్ళు చెవులతో చూసేవారు. వంతెన కింద నుంచి పోతుంటే చక్రాల చప్పుడు మారుతుంది. ఇన్ని వంతెనలు దాటాక, పట్టాల అతుకుల మీద చక్రాలు ఇన్నిసార్లు కొట్టుకున్నాక చెయ్యి దించాలి అని లెక్క. 1936లో బ్రిటిష్ తపాలా శాఖ సినిమా విభాగం తీసిన 'నైట్ మెయిల్' చిత్రంలో ఈ ఘట్టం ఉంది. పాత గుమాస్తా కొత్త కుర్రాడిని పక్కన నిలబెట్టుకుని వంతెనలు, ఆ తర్వాత చప్పుళ్ళు లెక్కపెట్టడం నేర్పుతాడు. ఆ చిత్రాన్ని ఆడెన్ అనే కవి రాసిన కవిత కోసం, బ్రిటెన్ అనే స్వరకర్త కూర్చిన సంగీతం కోసం తలుచుకుంటారు. నాకు మాత్రం కుర్రాడు లెక్క నేర్చుకునే ఆ నిమిషమే మిగతా చిత్రమంతటికన్నా గొప్పది. మన దగ్గర తాళం నేర్చుకునే పిల్లవాడు గురువు ఎదుట వేళ్ళు ముడుచుకుంటూ కూర్చున్నట్టే ఉంటుంది.

అమెరికావాళ్ళు ఇదే పనిని తమదైన తీరులో సులువు చేసుకున్నారు. అక్కడ జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1864 ఆగస్టులో షికాగో–క్లింటన్ మధ్య నడిచే పోస్టాఫీసు పెట్టాడు. వాళ్ళకు వలలు లేవు. పట్టాల పక్క స్తంభానికి నడుము సన్నగా కట్టిన సంచి వేలాడేది, పెట్టె తలుపుకున్న ఇనుప కొక్కెం దాన్ని లాక్కుపోయేది. దించాల్సిన సంచిని గుమాస్తా కాలితో బయటికి తన్నేవాడు. ఖర్చు తక్కువ, కానీ దిగిన సంచి గతి దేవుడెరుగు. బ్రిటిష్ అమరికలో దించే సంచికి కూడా వల పట్టడం నాకు నచ్చిన విషయం. అవతలివాడి చేతికి చేరేదాకా బాధ్యత తమదే అనుకున్నవాళ్ళు చేసిన యంత్రమది.

ఇంతలో కాలం మారింది. రోడ్లు బాగుపడ్డాయి, వ్యాన్లు వచ్చాయి. రైళ్ళ వేగం పెరిగింది, విద్యుత్తు స్తంభాలు పట్టాల అంచుకు చేరాయి. 1963 ఆగస్టు 8న గ్లాస్గో నుంచి లండన్ వస్తున్న తపాలా రైలును దొంగలు దొంగ సిగ్నల్‌తో ఆపి 26 లక్షల పౌన్లు దోచుకుపోయారు. నడిచే పోస్టాఫీసు అంటే చాలామందికి ఆ దోపిడీ ఒక్కటే గుర్తు. నిజానికి ఆ రైళ్ళు ప్రతి రాత్రీ వార్తకెక్కని పని చేసుకుంటూ పోయేవి. ఆఖరి సంచి మార్పిడి 1971 అక్టోబరులో పెన్రిత్ దగ్గర జరిగింది. నడిచే పోస్టాఫీసులు మాత్రం, వలలు లేకుండా, 2004 జనవరి దాకా సాగాయి.

పట్టాల పక్కనున్న చట్రాలు చాలావరకు పాత ఇనుము కింద పోయాయి. పెట్టెల్లో కొన్ని దక్కాయి. యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో వాటిలో కొన్నింటిని చూడవచ్చు. 1838 నాటి మొదటి పెట్టెకు శతాబ్ది సందర్భంగా చేసిన నకలు కూడా అక్కడ ఉంది. అద్దాల వెనక, దీపాల కింద, అవి అందంగానే ఉంటాయి. అయినా ఈ యంత్రాన్ని నిలబెట్టి చూపితే సగమే చూపినట్టు. పట్టాల పక్కన ఒక సగం, పట్టాల మీద ఒక సగం, రెండింటి మధ్య వేగం. వేగం లేకపోతే అదొక తుప్పు చట్రం, ఒక చేపల వల.

అందుకే దాన్ని నిజమైన లైను మీద పెట్టాలన్న పట్టుదల కొందరికి పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని డిడ్‌కాట్ రైల్వే సెంటర్ అలాంటి చోటు. దాన్ని నడిపే గ్రేట్ వెస్ట్రన్ సొసైటీని 1961లో మొదలుపెట్టింది నలుగురు బడిపిల్లలు. ఒక చిన్న ట్యాంక్ ఇంజనును కాపాడుకోవాలన్న కోరిక వాళ్ళది. ఇప్పుడు అక్కడ 1940లో కట్టిన 814 నంబరు తపాలా పెట్టె, ఆ పక్కనే నేల మీది అమరిక ఉన్నాయి. ప్రత్యేకమైన రోజుల్లో జనం ఎదుట సంచి మారుతుంది. లీస్టర్‌షైర్‌లో గ్రేట్ సెంట్రల్ రైల్వే ఇంకొకటి. 1969 నాటికి మూతపడిన మెయిన్ లైనులో ఒక ముక్కను స్వచ్ఛంద కార్యకర్తలు మళ్ళీ బతికించి, డబుల్ లైనుగా నడుపుతున్నారు. అక్కడ క్వార్న్ ప్రాంతంలో ఈ ప్రదర్శన చేస్తారు.

బయటి నుంచి చూస్తే ఇది రంగులు వేసి స్తంభం పాతే పనిలా కనిపిస్తుంది. అసలు కష్టం కొలతలో ఉంది. సంచి రైలు పక్కకు ఒకటి రెండు అంగుళాలు లోపలికి జరిగితే పెట్టెను రాసుకుంటుంది, బయటికి జరిగితే వల తాడుకు అందదు. పోనీ ఒకసారి కొలిచి పాతేస్తే సరిపోతుందా అంటే, పట్టాలు ఉన్నచోట ఉండవు. కంకర సర్ది కట్టినప్పుడల్లా పట్టా కాస్త పైకి లేస్తుంది, కాస్త పక్కకు జరుగుతుంది. పెట్టె వైపు చూస్తే, చక్రాలు అరిగి, స్ప్రింగులు కుంగి, అది ఏళ్ళు గడిచేకొద్దీ కిందికి దిగుతుంది. వంపులో పెడితే పట్టాల ఎగుడు వల్ల పెట్టె మొత్తం ఒరుగుతుంది. కాబట్టి తిన్నని లైను వెతకాలి, దగ్గరలో సిగ్నల్ గాని, వంతెన గోడ గాని, జనం నిలబడే ప్లాట్‌ఫారం గాని ఉండకూడదు. స్తంభానికి గట్టి పునాది వేయాలి. కొలత పట్టా అంచు నుంచి తీయాలి తప్ప నేల నుంచి తీయకూడదు. పాత నక్షాలు దొరికితే కొలతలు దొరుకుతాయి, కానీ ఈనాటి పట్టాకు, ఈనాటి పెట్టెకు అవి మళ్ళీ సరిచూసుకోవాల్సిందే.

తాళ్ళు, వలలు ఎండకూ వానకూ నిలవవు. వాటిని కొత్తగా అల్లించుకోవాలి. ముడులు పాత తీరులోనే వేయాలి, ఎందుకంటే దెబ్బ తిన్నప్పుడు తాడు ఎంత సాగాలి, ఎంత ఆగాలి అన్నది ముడి మీద కూడా ఆధారపడుతుంది. తోలు సంచులు యాభై ఏళ్ళు మూల పడుంటే కట్టెల్లా బిగుసుకుపోతాయి. నూనె పట్టించి మెత్తబరిచినా ముందటి బలం రాదు. కొత్తవి కుట్టడం గుర్రాల జీనులు కుట్టేవాళ్ళ స్థాయి పని. స్ప్రింగుల సంగతి మరీ సున్నితం. చెయ్యి ఆలస్యంగా మడుచుకుంటే తర్వాతి పెట్టెకు తగులుతుంది, తొందరపడితే సంచి జారిపడుతుంది.

ఇంకో చిక్కు వేగానిది. బ్రిటన్‌లో ఇలాంటి వారసత్వ రైల్వేలకు మామూలుగా గంటకు 25 మైళ్ళే హద్దు. ఆ వేగంలో సంచికి తగిలే దెబ్బ పాత దెబ్బలో ఆరో వంతు మాత్రమే ఉంటుంది. రెండంతస్తుల మీంచి పడ్డట్టు. యంత్రానికి అది మేలే, పాత ఇనుము విరగకుండా ఎక్కువ కాలం ఉంటుంది. కానీ 60 మైళ్ళ దెబ్బకు తగ్గట్టు చేసిన చేతులు, తాళ్ళు ఆరో వంతు దెబ్బకు కూడా తడబడకుండా పనిచేసేలా సర్దుకోవాలి. ఖాళీ సంచితో, నడక వేగంతో మొదలుపెట్టి, బరువూ వేగమూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం తప్ప దీనికి దగ్గరదారి లేదు.

ఇనుము, తోలు, తాడు ఎలాగో సంపాదించవచ్చు. చెవితో వంతెనలు లెక్కపెట్టే మనిషిని సంపాదించడం అలాంటిది కాదు. మీట మీద చెయ్యి ఎప్పుడు వేయాలి, గంట మోగుతుంటే ఎక్కడ నిలబడాలి, సంచి పడ్డాక ముందు ఏ పట్టీ విప్పాలి అన్నవి నక్షాల్లో ఉండవు. 1971లో ఆ పని చేస్తున్నవాడికి ముప్పై ఏళ్ళున్నా ఇవాళ ఎనభై దాటాయి. వాళ్ళు నోరు విప్పి చెప్పినదే ఈ పునరుద్ధరణకు ప్రాణం.

ఇదంతా చదువుతుంటే నాకు మన ఆరెమ్మెస్, అంటే రైల్వే మెయిల్ సర్వీస్, గుర్తొచ్చింది. మన దేశంలో నడిచే పోస్టాఫీసు 1860లలో అలహాబాద్–కాన్పూర్ మధ్య మొదలైంది. మనవైపు విజయవాడది 'వై' డివిజన్, విశాఖపట్నానిది 'వి', గుంతకల్లుది 'ఏజీ', హైదరాబాద్‌ది 'జడ్'. పాత కార్డులు తిరగేస్తే ఆ అక్షరాల ముద్రలు కనిపిస్తాయి. ఊళ్ళో డబ్బా ఖాళీ చేసేశారని తెలిస్తే స్టేషన్‌కు పరుగెత్తి, లేట్ ఫీ స్టాంపు అదనంగా అంటించి, ఆగి ఉన్న మెయిల్ వ్యాన్‌లో ఉత్తరం వేసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఊగిపోయే పెట్టెలో, మసక దీపం కింద, రాత్రంతా నిలబడి, గోదావరి జిల్లాల ఊళ్ళ పేర్లన్నీ కంఠతా పట్టి అరల్లోకి ఉత్తరాలు విసిరిన గుమాస్తాలూ ఉన్నారు. ఆ పని మన దగ్గరా ఆగిపోయింది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఆరెమ్మెస్‌లో పనిచేసి రిటైరైనవారు ఉంటే ఈ ఆదివారం వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఏ సెక్షన్‌లో చేశారు, ఏ రైల్లో, ఏ స్టేషన్ దాటాక ఏ సంచి కట్టేవారు, అరల వరస ఎలా గుర్తుపెట్టుకునేవారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ఫోన్‌లో రికార్డు చేసినా మంచిదే. వాళ్ళ దగ్గర పాత ముద్ర, అరల పట్టిక, సంచికి కట్టే చీటీ లాంటిది ఏదైనా ఉంటే పారేయనివ్వకండి.